విహారయాత్రికుని ఋణము

గడచిన మార్గశిరమాసములో ఖమ్మమునందు మా అన్నగారి యింట ఒక చిన్న సభ జరిగెను. సభ యనగా మఱేమియు కాదు. సంక్రాంతి సెలవులలో ఇంటిల్లిపాదియు ఎక్కడికైన పోయి నాలుగు దినములు గడపి రావలెనన్న ఆలోచన. ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న మా అన్నకుమారుడు, ఆ దేశపు ఉత్తరభాగమున సరస్సుల సీమ యని పేరుగల ప్రాంతములోని యొక పల్లెటూరి చిత్రములను పంపి, రానున్న వేసవికి అందఱును అక్కడికి రావలసినదని వ్రాసియుండెను. రాతిగోడల యిండ్లు, గోడలపై ప్రాకిన గులాబితీగెలు, పచ్చని కొండవాలున గొఱ్ఱెలమంద, వెనుక కదలని నీరు. చిత్రములు చేతులు మారినవి. కడపట మా అన్నగారు వానిని చూచి, "సముద్రములు దాటి పరుల నీళ్ళు చూడబోవుటకు ముందు మన గోదావరిని చూడవలదా? ఏటేట భద్రాచలమునకు పోయి వచ్చుచున్నాము గాని, పాపికొండలు చూచిన పాపమున పోలేదు. పోలవరము ఆనకట్ట పూర్తియైనచో ఆ లోయ నీటిపాలగును. మునిగిపోకముందే ఒకమాఱు చూచి వత్తము" అనిరి.

అందఱును సరే యనిరి. కాగితమును కలమును వచ్చెను. తేదీలు, బండి, బస, పడవ, భోజనము అన్నియు పద్దులుగ నెక్కెను. అంతవఱకు ఒక మూల కూర్చుండి బడిపిల్లల పరీక్షకాగితములు దిద్దుకొనుచుండిన మా వదినెగారు తల యెత్తి, "ఎవరింటికైన పోవునపుడు చేత పండో ఫలమో పట్టుకొని పోవుదుము. ఆ ఊళ్ళకు ఏమి పట్టుకొని పోవుచున్నాము?" అని యడిగిరి. "అది చుట్టాలిల్లు కాదు. రొక్కమిచ్చి చూడబోవు చోటు" అని అన్నగారు చెప్పిరి. "అక్కడ మనుష్యులు కాపురము లేరా?" అని ఆమె మరల నడిగిరి. ఆ ప్రశ్నకు ఆ పూట ఎవరును బదులు చెప్పలేదు. అది నన్ను విడువక వెంటాడుటచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

విహారము ధనవ్యయమనియు, సోమరుల పనియనియు నిందించువారు కొందఱు కలరు. వారితో నేను ఏకీభవింపజాలను. ఏడాది పొడుగున కచేరీ బల్లకు వంగి లెక్కలు వ్రాయు గుమాస్తా ఒక వారము నదీతీరమున కాళ్ళు చాపుకొని కూర్చుండుట విలాసము కాదు, చికిత్స. ఇక స్త్రీల సంగతి చెప్పనేల? తీర్థయాత్ర యనిననే గాని గడప దాటనీయని కాలము మన పూర్వులది. వ్రతము మిషయు, మ్రొక్కుబడి సాకును లేక, కేవలము కొండను చూడవలెనను కోరికతో ఒక యిల్లాలు ప్రయాణము కట్టుట సంఘము ముందడుగు వేసిన దనుటకు గుఱుతు. దానిని వెనుకకు లాగు మాట ఒక్కటియు నేను చెప్పబోను.

సౌందర్యదర్శనము కొందఱి సొత్తని చెప్పుటయు తప్పే. ఈ తప్పును ఒక మహాకవియే చేసెను. మా అన్నకుమారుడు పిలిచిన ఆ సరస్సుల సీమను లోకమునకు ప్రియము చేసినవాడు వర్డ్స్‌వర్తు. ఆ సీమలోనే పుట్టి పెరిగి, యాత్రికులకై ఒక మార్గదర్శినిని సైతము రచించెను. దాని తొలిరూపము 1810లో వెలువడినది. అట్టివాడు 1844లో కెండలు పట్టణమునుండి విండర్మియరునకు రైలుమార్గము వేయదలచినపుడు తీవ్రముగ ప్రతిఘటించెను. యంత్రశాలల పనివారిని రైళ్ళకెక్కించి గుంపులుగ దింపినంతమాత్రమున ప్రకృతిసౌందర్యము వారి మనస్సున కెక్కదని ఆయన వాదము. రైలు ఆగలేదు, 1847లో నడచెను. గుంపుల వలన ఏకాంతము చెడునన్న కవిగారి భయమున నిజము లేకపోలేదు. కాని పొగగొట్టముల నడుమ బ్రదుకువానికే కదా పచ్చని కొండ ఎక్కువ కావలసినది! చూచుహక్కు అందఱిదియు. ఇంతవఱకు నాకు సందియము లేదు.

సందియము పుట్టినది మఱియొక చోట. చూచువాని హక్కు సరే. చూడబడు చోట నున్నవాని సంగతి యేమి? ఈ ప్రశ్న తెమలవలెనన్నచో మనము పోదలచిన లోయలోనికే పోవలెను.

భద్రాచలము దిగువను, కూనవరమువద్ద శబరి వచ్చి గోదావరిలో కలియును. అక్కడినుండి నది వరరామచంద్రపురపు సీమ మీదుగ పోయి, పోచవరము దాటిన పిదప తూర్పుకనుమలలో చొచ్చును. అంతదనుక విశాలముగ పాఱిన నదిని రెండువైపుల కొండలు వచ్చి యొత్తుకొనును. నీడ నీటిపై పడి మధ్యాహ్నముననే సాయంకాలమైనట్లుండును. ఈ కొండల పాదములందును చఱియలందును కొండరెడ్లును కోయలును కాపురముండు పల్లెలు. వెదురుతడికల యిండ్లు, చింతచెట్లు, ఇప్పచెట్లు, జీలుగుచెట్లు, కొండవాలున పోడుచేలు. ఈ పల్లెలలో పెక్కు 2014 వఱకు ఖమ్మము జిల్లాలోనివి. ఆ యేట ఆనకట్ట నిమిత్తము ఏడు మండలముల గ్రామములను ఆంధ్రప్రదేశమునకు చేర్చిరి. భద్రాచల పట్టణము మాత్రము తెలంగాణమున నిలిచెను.

ఈ కొండరెడ్లను గూర్చి హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ తిరిగి వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. కలపవర్తకులు అప్పులతో వారిని కట్టి పడవేసి పని చేయించుకొన్న తీరు అందు వర్ణింపబడినది. ఆ లోయ చరిత్రము తఱచి చూచినచో బయటివాడు వచ్చినపుడెల్ల ఏదో యొకటి కొనిపోవుటకే వచ్చెనని తోచును. మొదట వెదురునకు, కలపకు వచ్చెను. పిమ్మట భూమికి వచ్చెను. వాని నరికట్టుటకు 1917లో ఒక చట్టమును, 1959లో ఒక నిబంధనయు, దానిని బిగించుచు 1970లో మఱియొకటియు చేయవలసి వచ్చెను. ఆ తరువాత లోయకు లోయయే నీటిని నిలుపుటకు కావలసి వచ్చెను. అందఱికంటె కడపట వచ్చినవారము మనము; మనకు కావలసినది దృశ్యము.

"దృశ్యమును చూచినంతమాత్రమున తఱుగునా? కలప కొట్టినవాడును, కన్నులార చూచినవాడును ఒకటేనా?" అని అడుగవచ్చును. ఒకటి కాదు. చూచువాడు దొంగ కాడు. కాని చూచుటలో రెండు విధములు కలవు. ఇంటిని ఇల్లుగ చూచుట యొకటి, ఇంటిని చిత్రపటములోని రంగుగ చూచుట యొకటి. పడవపైనుండి చూచువానికి ఒడ్డున వెదురుబుట్ట అల్లుచున్న ముసలమ్మయు, ఆమె వెనుకనున్న కొండయు, కొండమీది మబ్బును ఒకే వరుసలోని వస్తువులగును. మబ్బు నెవరును కుశల మడుగరు గదా! అట్లే ముసలమ్మ నడుగరు.

ఇప్పుడు మా అన్నగారి మాటను మరల చూడుడు. "మునిగిపోకముందే చూచి వత్తము." ఇందు దుఃఖము లేకపోలేదు. కాని ఎవరి నష్టమునకు ఈ దుఃఖము? మనము చూడవలసిన దృశ్యము మనకు దక్కకపోవునన్నది దాని సారము. ఇల్లు మునుగువాడు ఆ మాటలో ఎక్కడను లేడు. మా అన్నగారు దయాళువు. ఒకరి కష్టమును విని ఊరకుండువారు కారు. అట్టివారి నోట ఈ మాట వచ్చుటయే నాకు భయము కలిగించినది. చెడ్డవాని నిర్దయకు మందు కలదు. మంచివాని మఱపునకు మందు దొరకుట కష్టము. పల్లెను దృశ్యముగ చూచుట కలవాటుపడిన కన్ను, అది మునిగిన నాడు దృశ్యము పోయినదనియే వగచును గాని, కాపురములు పోయినవని వగవదు. నా వాదమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

ఇది మన దేశపు అవగుణము మాత్రమే కాదు. మా అన్నకుమారుడు పంపిన చిత్రముల సీమలోనే, తూర్పుదిక్కున, మార్డేల్ గ్రీన్ అను చిన్న పల్లె యుండెను. మాంచెస్టరు నగరమునకు త్రాగునీరు కావలసి వచ్చెను. ఆ నగరపాలకసంఘము అంతకుముందే, 1894 నాటికి, థర్ల్‌మియరు సరస్సును ఆనకట్టతో పెంచి నీరు తెచ్చుకొనియుండెను, అది చాలలేదు. 1919లో మార్డేలు లోయకై శాసనము పొందెను. 1935 ఆగస్టు మాసమున ఆ పల్లె చర్చిలో కడపటి ప్రార్థన జరిగెను. పూర్వులను సమాధులనుండి తీసి షాప్ అను గ్రామమున మరల పూడ్చిరి. ఇండ్లను కూల్చిరి. లోయ నిండి హాస్‌వాటరు జలాశయమయ్యెను. నేడు గట్టిగ అనావృష్టి కలిగిన యేట నీరు తగ్గి, ఆ పల్లె గోడల మొదళ్ళును పాతవంతెనయు బయటపడును. అప్పుడు దానిని చూచుటకు జనులు బండ్లు కట్టుకొని వత్తురు. పల్లెగ నున్నపుడు చూచిరి, మునుగునపుడు చూచిరి, మునిగిన పిదప ఎముకలు తేలిన నాడును చూచుచున్నారు. చూచుటకు మాత్రము కొఱత లేదు.

మాంచెస్టరు బిడ్డలకు మంచినీరు అక్కఱలేదని నేననను. అట్లే పోలవరమును గూర్చియు. 1980లో శంకుస్థాపన జరిగి, 2004 తరువాత పని సాగిన యా ప్రాజెక్టువలన లక్షల యెకరములు తడియుననియు, 960 మెగావాట్ల విద్యుత్తు పుట్టుననియు, విశాఖపట్టణమునకు నీరు పోవుననియు దాని సంకల్పము. మెట్టరైతు ఆశను తేలికగ త్రోసివేయుటకు నాకు నోరాడదు. కాని 150 అడుగుల మట్టమున నీరు నిలిపినచో కదలవలసినవి లక్షకు మించిన కుటుంబములని ప్రభుత్వపు లెక్కయే చెప్పుచున్నది. వారిలో పెక్కుమంది గిరిజనులు. 2013 నాటి భూసేకరణచట్టము పరిహారముతోపాటు పునరావాసమును సైతము హక్కుగ చెప్పినది. హక్కు కాగితముమీద నుండుట వేఱు, కొత్త ఊరిలో పొయ్యి రాజుట వేఱు. చేనికి వెల కట్టవచ్చును. ఏటేట చింతపండును, ఇప్పపువ్వును, అడ్డాకును ఇచ్చిన అడవికి ఎవరు వెల కట్టిరి? ఊరిపొలిమేరనున్న దేవతను ఏ పద్దులో వ్రాసిరి? ఆనకట్ట కావలెనా వలదా యన్నది ఇంజనీర్లును, ప్రభుత్వములును, న్యాయస్థానములును తేల్చుకొనవలసినది. ఆ నీటిని త్రాగువారమును, ఆ దీపమును వెలిగించుకొనువారమును, ఆ లోయను చూచి యానందించువారమును మనమే కావున, ఈ కదలువారు ఎట్లున్నారని అడుగవలసిన భారము మాత్రము మనదే.

ఈ భారము ఉత్తమాట కాదనుటకు ఒక్క సంగతి చెప్పెదను. 2019 సెప్టెంబరు 15వ తేదీన, దేవీపట్నము మండలములోని కచ్చులూరువద్ద డెబ్బదిమందికి మించిన జనముతో పాపికొండలకు పోవుచున్న పడవ గోదావరిలో బోల్తాపడెను. సగమునకు మించిన మంది మరణించిరి. నది వరదలో నుండెను. అప్పుడు మొట్టమొదట నీళ్ళలోనికి వచ్చినవారు అధికారులు కారు. ఒడ్డుననున్న కచ్చులూరు గిరిజనులు. తమ చిన్న పడవలు వేసికొని ఆ సుడిలోనికి పోయి, కొట్టుకొనిపోవుచున్నవారిని పట్టి ఒడ్డుకు చేర్చిరి. అంతకు కొన్ని వారముల ముందే, ఆ యాగస్టు వరదలలో, ఆ మండలపు పల్లెలు నీట చిక్కుకొని వెలుపలి లోకమునకు దూరమైయుండెను. తమ యిండ్లలోనికి నీరు వచ్చినపుడు ఎందఱు విహారయాత్రికులు తమను తలచుకొనిరని వారు లెక్క చూడలేదు. మునుగువాడు కనబడెను, పడవ త్రోసిరి. రొక్కమిచ్చి చూడబోవు చోటని మనము తలచినదానిని వారు అతిథి వచ్చిన చోటుగ తలచిరి. ఇరువురిలో నాగరికు డెవడో చదువరులే నిర్ణయింపుడు.

ఈ ఋణము నేటిది కాదు. భద్రాద్రి రాముని మనకు చూపినవారెవరు? గోపురములు కట్టించినవాడు పాల్వంచ తహసీలుదారు కంచెర్ల గోపన్న. అది పదునేడవ శతాబ్దపు సంగతి. కాని స్థలపురాణమును నమ్మువారు గోపన్నకంటె ముందు పోకల దమ్మక్క పేరు చెప్పుదురు. ఆమె అడవిలో నివసించిన యొక స్త్రీ. పుట్టలోని దేవుని ఆమె కనుగొని, పందిరి వేసి, అడవిపండ్లు నివేదించినదట. ఏటేట కల్యాణమునకు లక్షలాదిగ పోవు మనమందఱము, ఆ కథ చొప్పున, ఒక అడవిబిడ్డ పందిరిక్రిందికి వచ్చిన అతిథులము. రాముడు సైతము అక్కడ అతిథియే; గుహుని పడవ యెక్కినవాడు, శబరి పండు తిన్నవాడు. వనవాసమును విహారముగ నెంచి, అక్కడివారిని పలుకరింపక పోయినట్లు ఏ రామకథయు చెప్పదు.

మన పూర్వులలో బాటసారి యెట్లు చూడవలెనో చూపినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి కాశికి పోయి, 1831లో తిరిగివచ్చిన ఆ యుద్యోగి తన యాత్రాచరిత్రములో దేవాలయములను మాత్రమే వ్రాసికొనలేదు. ఏ యూర నీరెట్టిది, ఏమి దొరకును, అక్కడి జనుల నడవడి యేది, వారి సుఖదుఃఖము లెట్టివి, అన్నియు అడిగి వ్రాసెను. ఆయనకు బాటలోని ప్రతి యూరును ఒక సంసారము. మనకు నేడు ప్రతి యూరును ఒక చిత్రము.

అయినచో ఏమి చేయవలెను? ప్రయాణము మానుమని నేను చెప్పను. మానినందువలన అక్కడ ఎవరి యిల్లును నిలువదు. పైగా వెదురుబుట్ట లమ్ముకొను కుటుంబమునకు ఆ నాలుగు రూకలును పోవును. పోవలెను, కాని అతిథివలె పోవలెను. పరుల వాకిట త్రాగి కేకలు వేయము గదా; ఆ రేవునను వేయరాదు. మన ఆడపడుచు చిత్రమును అన్యుడు అడుగక తీసినచో ఊరకుందుమా? అక్కడి స్త్రీని, బిడ్డను అడుగక తీయరాదు. వెదురుపని కొనునపుడు పది రూపాయలకై గీచి గీచి బేరమాడి, పట్టణపు అంగడిలో అడిగినంత ఇచ్చి వచ్చుట సిగ్గుమాలిన పని. తెచ్చిన ప్లాస్టికు సీసాలు తిరిగి పట్టుకొని రావలెను. నది పొంగిన దినములలో పడవ నడుపుమని ఒత్తిడి చేయరాదు. మనలను రక్షింప దిగువాని ప్రాణమును ప్రాణమే.

ఇవి మర్యాదలు. ఋణము తీరుటకు ఇవి చాలవు. మన యిండ్లలో ఒక ధర్మము కలదు: పెండ్లికి పోయి విందు కుడిచిన యింటికి, ఆ యింట కీడు మూడిననాడు పరామర్శకు పోకుండుట తప్పు. పోయి చేయగలిగినది ఏమియు లేకపోయినను పోవలెను. అరుగుమీద కూర్చుండి, జరిగినదేమని యడిగి, చెప్పినది వినవలెను. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు సీమల పల్లెలు దినముల తరబడి నీటనుండెను. అంతకుముందు శీతకాలములలో ఆ రేవులనుండి పడవ యెక్కినవారు ఎందఱో! వారిలో ఎందఱము ఆ వారము పత్రికలో ఆ యూళ్ళ పేరు వెదకితిమి? ఎందఱము ఒక బియ్యపుమూట పంపితిమి? కొత్త ఊళ్ళకు తరలినవారి యిండ్లు పూర్తియైనవా, భూమి వచ్చినదా, బడి తెఱచిరా యని ఎందఱము మన ప్రతినిధుల నడిగితిమి? విందు కుడుచుట మనకు తెలిసినది, పరామర్శ నేర్చుకొనవలసియున్నది.

ఈ మాటలన్నియు నేను మా అన్నగారికి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, తాను వ్రాసిన పద్దుల కాగితమును తెచ్చి ముందుంచిరి. తేదీలు అట్లే యున్నవి. పడవ, బస, భోజనము అట్లే యున్నవి. ఇంగ్లండు ప్రయాణము మఱుసటి యేటికి వాయిదా పడినట్లు ఒక ప్రక్క గుర్తు కలదు. అన్నిటి క్రిందను మా వదినెగారి చేవ్రాతతో రెండు పద్దులు చేరియున్నవి. మొదటిది, పల్లె బడిపిల్లలకు పలకలును పుస్తకములును. రెండవది పద్దు కాదు, ప్రశ్న: "తిరిగి వచ్చిన పిదప వారి క్షేమము మనకు ఎట్లు తెలియును?"

రెండవదాని కెదురుగ వెల వ్రాయవలసిన చోటు ఖాళీగ నున్నది. అన్నగారు కలము చేత పట్టుకొని ఇంకను ఆలోచించుచున్నారు.